పోయిన ప్లాటు కోసం ఉన్న పొలం అమ్మొద్దు

అప్పుల్లో చిక్కుకున్న రైతు కుటుంబాల సదస్సులో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం



మిరపకు ధర లేదని, పత్తి కొనేవాడు లేడని మాట్లాడుకోవాల్సిన వేదిక మీద ఇవాళ ప్లాట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. రైతు సంఘానికి రియల్ ఎస్టేటుతో ఏం పని అని కొందరు అడిగారు. అడగడంలో తప్పు లేదు. కానీ కొన్నేళ్లుగా అప్పుల గోడు చెప్పుకోవడానికి సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్ల సంచిలో పాసుపుస్తకం, బ్యాంకు నోటీసుతో పాటు మూడో కాగితం కూడా కనిపిస్తోంది. అది ఏదో వెంచర్ రసీదో, ప్లాటు అగ్రిమెంటో. పంట అప్పే అనుకుని కూర్చుని లెక్క తీస్తే, అందులో పెద్ద వాటా ప్లాటు కోసం తెచ్చిన అప్పని తేలుతోంది. చాలా ఇళ్లలో ఆ సంగతి భార్యకు కూడా తెలియదు. అందుకే ఈ సదస్సు పెట్టాం.

ముందే ఒక మాట ఒప్పుకుంటున్నాం. ఈ వేదిక మీద కూర్చున్న వాళ్లలోనూ ప్లాట్లు కొన్నవాళ్లం ఉన్నాం. డబ్బు పోగొట్టుకున్న వాళ్లం ఉన్నాం. కాబట్టి మేం చెప్పబోయేది మీకు సుద్దులు చెప్పడం కాదు. దెబ్బ తిన్న తర్వాత లెక్క చూసుకుని నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఎలా దిగాం

2014లో రాష్ట్రం విడిపోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం వచ్చింది. 29 గ్రామాల రైతులు పూలింగులో 34 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరాకు 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. జరీబు అయితే 1000, 450 గజాలన్నారు. మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, పదేళ్ల పాటు ఏటా పెంచుతూ ఇస్తామన్నారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది.

ఆ 29 గ్రామాల ఒప్పందం వేరే పోరాటం. దాని గురించి ఈ పత్రికలో చాలాసార్లు రాసుకున్నాం. ఇవాళ్టి మాట ఆ గ్రామాల చుట్టూ ఉన్న మన గురించి. తాడికొండ, మంగళగిరి, అమరావతి మండలాలు, కృష్ణ అవతల ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ వైపు రోడ్డు పక్క పొలాల్లో రాత్రికి రాత్రే హద్దురాళ్లు లేచాయి, రంగుల జెండాలు లేచాయి. బస్సు ఎక్కించి తీసుకెళ్లి, భోజనం పెట్టి, మైకులో నంబరు పిలిచి ప్లాటు చూపించారు. మనకు చెప్పినవాడు బయటివాడు కాదు. బావమరిదో, ఒకప్పటి స్నేహితుడో, ఎరువుల కొట్టు వాడో. నమ్మాం.

డబ్బు ఎక్కడిది? కొందరికి మిరప అమ్మిన సొమ్ము. కొందరికి అర ఎకరం అమ్మిన సొమ్ము. ఎక్కువమందికి మాత్రం నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాసి తెచ్చిన సొమ్ము. ఇంట్లో ఆడవాళ్ల బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చినవాళ్లున్నారు. పంట రుణం తీసి ప్లాటుకు కట్టినవాళ్లున్నారు. ఆర్నెల్లలో ధర పెరుగుతుంది, అమ్మి అప్పు తీర్చి మిగిలింది ఇంట్లో వేసుకోవచ్చు అన్నది అందరి లెక్క.

2019 డిసెంబరు 17న మూడు రాజధానుల మాట శాసనసభలో వినిపించింది. ఏ పార్టీ ఏం చేసింది, ఎందుకు చేసింది అన్న చర్చ ఇక్కడ పెట్టుకోం. మన జేబు వరకు చూస్తే, కొనేవాడు మాయమయ్యాడు. ధర తగ్గడం వేరు, అడిగేవాడే లేకపోవడం వేరు. తగ్గించి ఇస్తామన్నా తీసుకునేవాడు లేని రోజులు చూశాం. ఆ వెంటనే కరోనా. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు కొంచెం ఆశ లేచింది, మళ్లీ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ కార్లు తిరగడం మొదలైంది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించారు.

ఇప్పుడు కొందరు అంటున్నారు: ఇంకేం, ధర తిరిగొచ్చింది కదా, నష్టం తీరినట్టే కదా అని. ఆ మాటలోనే మోసం ఉంది. దాన్నే ఇవాళ విప్పి చూద్దాం.

ముంచింది ధర కాదు, వడ్డీ

ఒకే ఊళ్లో, ఒకే వెంచర్లో, పక్కపక్క ప్లాట్లు కొన్న ఇద్దరు రైతులను అనుకుందాం. ఇద్దరూ చెరి పది లక్షలు పెట్టారు. ఒకాయన సొంత డబ్బు పెట్టాడు. రెండో ఆయన రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. 2019 డిసెంబరు నుంచి 2024 జూన్ దాకా 54 నెలలు. పది లక్షలకు నెలకు 20 వేలు వడ్డీ. 54 నెలలకు 10 లక్షల 80 వేలు. వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా సరే, అసలుతో కలిపి 20 లక్షల 80 వేలు అయింది. వడ్డీ వ్యాపారులు ఏటా నోటు తిరగరాయించుకుంటారని మీకు తెలుసు. తిరగరాస్తే ఇంకా ఎక్కువే అవుతుంది.

మొదటి ఆయన ప్లాటు ధర పడిపోయి తిరిగి లేచింది. ఆయన నష్టం నాలుగున్నరేళ్ల నిద్ర. రెండో ఆయనకు ధర మొత్తం తిరిగొచ్చినా, అది కొన్ననాటి ధరకు రెట్టింపు దాటితే తప్ప అప్పు తీరదు. అసలు అంతకాలం ప్లాటు ఆయన చేతిలో ఉంటే కదా! 2021 నాటికే వచ్చిన ధరకు అమ్ముకున్నవాళ్లు, అది చాలక ఎకరం పొలం కూడా అమ్ముకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు.

పది లక్షలకు ఏడాదికి వడ్డీ 2 లక్షల 40 వేలు. ఖర్చులన్నీ పోను ఎకరా మిరప మీద ఏటా ఇంత మిగిలే రైతు ఈ హాల్లో ఎవరైనా ఉంటే చేయి ఎత్తండి. చూశారుగా, ఒక్క చేయీ లేవలేదు. అంటే ఆ వడ్డీని పంటతో తీర్చడం జరగని పని. తీరని వడ్డీ కింద చివరికి పోయేది పొలం.

పోయిన చోటే వెతుక్కోవాలని పెద్దలంటారు. ఆ మాట దారిలో జారిన ఉంగరానికి సరిపోతుంది. ప్లాటులో పోయిన డబ్బు మళ్లీ ప్లాటులోనే సంపాదిస్తానని ఇంకో అప్పు తెచ్చి దిగినవాళ్ల గతి ఏమైందో మన ఊళ్లలోనే చూశాం. ఇప్పుడు ధరలు కదులుతుంటే మళ్లీ అదే మాట చెవిన పడుతోంది. జాగ్రత్త.

అమ్మాలా, ఆగాలా

మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఇదే. ప్లాటు ఉంచాలా, నష్టానికి అమ్మాలా? దీనికి జోస్యం అక్కర్లేదు. కాగితం, పెన్ను చాలు.

పది లక్షలకు కొన్న ప్లాటును ఇవాళ ఆరు లక్షలకు అడుగుతున్నారనుకోండి. మీ అప్పు రెండు రూపాయల వడ్డీ. ఇవాళ అమ్మి ఆ ఆరు లక్షలూ అప్పుకు జమ చేస్తే, ఆరు లక్షల మీద రెండేళ్ల వడ్డీ 2 లక్షల 88 వేలు మీకు తప్పుతుంది. కాబట్టి రెండేళ్లు ఆగితే ఆ ప్లాటు 8 లక్షల 88 వేలు దాటి పోవాలి. అప్పుడే ఆగినందుకు ఫలితం. అదే బ్యాంకులో ఏడు శాతం వడ్డీ అయితే 6 లక్షల 84 వేలు దాటితే చాలు. సొంత డబ్బయితే తొందరే లేదు. కొన్న ధర ఎంత అన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదు చూడండి. పది లక్షలు పెట్టాం, పదికి తక్కువైతే అమ్మం అన్న పట్టుదలే చాలామందిని ముంచింది. కొన్న ధర ప్లాటుకు గుర్తుండదు, మనకే గుర్తుంటుంది.

నష్టానికి అమ్మితే నలుగురిలో నవ్వులపాలవుతామని భయం. ఆరు లక్షలు కట్టేసిన తర్వాత మిగిలిన అప్పు నాలుగు లక్షలు, నెలకు వడ్డీ ఎనిమిది వేలు. ఇరవై వేల నుంచి ఎనిమిది వేలకు దిగాం. అది ఓటమి కాదు, ఊపిరి.

ఇంకో మాట కూడా వింటున్నాం. ప్లాటు రేపు బంగారమవుతుంది, ఎకరం అమ్మి అప్పు తీర్చేద్దాం అని. సోదరులారా, పొలం పంట పెడుతుంది. పండించలేకపోతే కౌలు తెస్తుంది. పాసుపుస్తకం ఉంటే బ్యాంకు 3 లక్షల దాకా ఏడు శాతానికి పంట రుణం ఇస్తుంది, గడువులోపు కడితే నాలుగు శాతమే పడుతుంది. ప్లాటు ఎదురుచూపు తప్ప ఏమీ ఇవ్వదు. రెండింటిలో ఒకటి వదులుకోక తప్పనప్పుడు, వదులుకోవాల్సింది ప్లాటునే.

కాగితాలు విప్పి చూడండి

రేపు ఇంటికెళ్లగానే ప్లాటు కాగితాలన్నీ మంచం మీద పరచండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. ఆ కాగితాలు నాలుగు రకాలుగా ఉంటాయి.

మొదటిది, రిజిస్ట్రేషన్ అయి, లేఅవుటుకు అనుమతి ఉన్న ప్లాటు. ఇందాకటి లెక్క దీనికే.

రెండోది, రిజిస్ట్రేషన్ అయింది కానీ లేఅవుటుకు అనుమతి లేదు. పంచాయతీ తీర్మానం చేసింది, సంతకం పెట్టింది అని చూపిస్తారు. పంచాయతీ సంతకం ఒక్కటే సరిపోదు, పట్టణ ప్రణాళిక శాఖదో, ఆ ప్రాంత అభివృద్ధి సంస్థదో సాంకేతిక అనుమతి ఉండాలి. ఇలాంటి వాటికి ప్రభుత్వాలు అప్పుడప్పుడు క్రమబద్ధీకరణ పథకాలు ప్రకటిస్తుంటాయి. కట్టాల్సిన రుసుము ఎంతో సచివాలయంలో ముందే అడిగి, దాన్ని కూడా లెక్కలో వేయండి.

మూడోది, రిజిస్ట్రేషనే కాలేదు. అగ్రిమెంటో, రసీదో, తెల్ల కాగితమో ఉంది. ఇక్కడ పరుగెత్తేది కాలం. దీని సంగతి వెంటనే చెబుతాం.

నాలుగోది, అసలు అమ్మకూడని భూమి. అసైన్డు భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడండి. ఉంటే ఆ ప్లాటు మీద ఇంకో రూపాయి పెట్టకండి. డబ్బు తీసుకున్నవాడి మీద పోవాలి.

కాలం తీరకముందే కదలండి

నోటు మూడేళ్లకు మురిగిపోతుందని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే చెల్లు వేయించుకుంటాం. కానీ ప్లాటు అగ్రిమెంటుకూ కాలం ఉందన్న సంగతి మరిచిపోయాం. అగ్రిమెంటులో రిజిస్ట్రేషనుకు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు. తేదీ లేకపోతే, అవతలివాడు చేయనన్నాడని మనకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. ఆలోగా సివిల్ కోర్టుకు పోవాలి. వచ్చే నెల చేస్తా, దసరా వెళ్లాక చేస్తా అంటూ తిప్పుతున్నాడంటే ఆ మూడేళ్లు కరిగిస్తున్నాడని అర్థం. నోటిమాట వద్దు, లాయరు ద్వారా నోటీసు ఇవ్వండి.

2016లో స్థిరాస్తి నియంత్రణ చట్టం వచ్చింది. అందరూ రెరా అంటారు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ అయితే రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. అమ్మకం అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. చెప్పిన గడువులో ఇవ్వకపోతే, కొన్నవాడు వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలి, అది చట్టంలోని 18వ సెక్షన్. ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేయించవచ్చు. మన దగ్గర శిస్తు వసూలుకు ఎలా వచ్చేవారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే దారి ఇప్పుడు మన తరఫున వాడుకోవచ్చు.

వినియోగదారుల కమిషన్ మరో దారి. రోడ్లు, కాలువలు, కరెంటు వేసి ఇస్తామని చెప్పి ప్లాటు అమ్మితే అది సేవ కిందకే వస్తుందని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అక్కడ గడువు రెండేళ్లే.

లాయరుకు డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది, అప్పీలు ఉండదు.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మనం కట్టింది పది లక్షలు, కాగితం మీద ఉన్నది మూడు లక్షలు అయితే కోర్టులో కనిపించేది ఆ మూడే. మిగతాది నగదుగా ఇచ్చామంటే రుజువు కావాలి. డబ్బు ఇచ్చిన రోజు ఎవరున్నారు, బ్యాంకు నుంచి ఎప్పుడు తీశాం, ఫోనులో ఏం మెసేజులు ఉన్నాయి, అన్నీ ఇప్పుడే రాసి పెట్టండి. ఇకముందు ఎవరు ఎంత చెప్పినా చెక్కు ద్వారానో, ఖాతా ద్వారానో తప్ప ఇవ్వకండి. కొంత కడితే మొత్తం రాబట్టి పెడతాం అంటూ తిరిగే మనుషులు కూడా తయారయ్యారు. వాళ్లకు ఇచ్చేది రెండో నష్టం.

ఒంటరిగా పోవద్దు

ఒక్కడు పోయి అడిగితే వెంచర్ ఆఫీసులో కుర్చీ కూడా వేయరు. అదే వెంచర్లో కొన్న నలభై మంది కలిసి పోతే మాట మారుతుంది. సంఘం తరఫున మేం చేయదలచుకున్నది ఇదే. వెంచర్ వారీగా జాబితా రాయిస్తాం. ఎవరు, ఎంత, ఎప్పుడు కట్టారు, ఏ కాగితం ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది అని ఒక పుస్తకంలో ఎక్కిస్తాం. గడువు దగ్గరపడిన వాళ్ల పని ముందు చూస్తాం.

ఇంకొకటి. ప్లాట్లు వేసి వదిలేసిన పొలాలు ముళ్లకంపతో నిండిపోయాయి. ఒకప్పుడు అందులో కౌలుకు చేసుకున్న కుటుంబాలు, కలుపు తీసిన ఆడకూలీలు ఇవాళ పని వెతుక్కుంటూ పోతున్నారు. రియల్ ఎస్టేటు నష్టం అంటే కొన్నవాడి నష్టమే కాదు. రిజిస్ట్రేషన్లు సరిగ్గా ఉండి, నీటి వసతి ఉన్న చోట ప్లాట్ల వాళ్లంతా ఒక మాటకు వస్తే, అమ్ముడుపోయేదాకా ఆ భూమిని కౌలుకు ఇవ్వవచ్చు. వచ్చేది కొద్దిపాటి కౌలే కావచ్చు, హద్దులు మాత్రం చెదరకుండా ఉంటాయి, ఒక కుటుంబానికి పని దొరుకుతుంది.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్దదేమీ కాదు. అనుమతి లేని వెంచర్లు ఏవో, నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లు ఏవో ప్రతి గ్రామ సచివాలయం బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి. మునిగాక నోటీసు ఇవ్వడం కాదు, దిగకముందు చెప్పండి.

చివరగా ఇంటి మాట

అమ్మలారా, అక్కల్లారా, మీకు ఒక మాట. మీ ఇంటాయన రాత్రిళ్లు నిద్రపోకుండా పంచలో కూర్చుంటుంటే, పంట గురించే అనుకోవద్దు. కోప్పడకుండా అడగండి. బంగారం పోయిందని తెలిస్తే బాధ ఉంటుంది, తప్పదు. కానీ దాచిన అప్పు పెరిగినంతగా చెప్పిన అప్పు పెరగదు. చెప్పాక అయినవాళ్లు ఓ చేయి వేస్తారు, వడ్డీ తగ్గించమని పెద్దమనుషులు అడుగుతారు, సంఘం వస్తుంది.

అన్నలారా, తమ్ముళ్లారా, మీకూ అదే మాట. అప్పు తీరేది మనిషి ఉంటేనే. పరువు పోయిందని పురుగుమందు డబ్బా వైపు చూసే ముందు ఆ కాగితాల సంచి పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. రాత్రయినా రండి. మేం కూడా ఆ సంచి మోసినవాళ్లమే. పోయిన డబ్బంతా తిరిగొస్తుందని మేం మాట ఇవ్వలేం. ఉన్న పొలం నిలబెట్టుకోవడానికి, వడ్డీ ఆపడానికి, రావాల్సింది రాబట్టడానికి మీతో పాటు నడుస్తామని మాత్రం మాట ఇస్తున్నాం.

సదస్సు అయిపోగానే బయట బల్ల దగ్గర పుస్తకం పెట్టి కూర్చుంటాం. పేరు, వెంచర్, కాగితం రకం, తేదీ రాయించి వెళ్లండి. కాగితాలు తెచ్చుకోనివాళ్లు వచ్చే ఆదివారం తీసుకురండి. మొదటి పని తేదీలు చూడటం.

సెలవు. రైతాంగం ఐక్యత వర్ధిల్లాలి!